వంశవృక్షంలో లేని అమ్మమ్మలు

ఆస్పత్రిలో జెనెటిక్ కౌన్సెలర్ నా ముందు ఒక తెల్లకాగితం పెట్టింది. ఆడవాళ్ళకి గుండ్రం, మగవాళ్ళకి చతురస్రం. జబ్బు వచ్చినవాళ్ళ గుర్తుని నల్లగా నింపాలి. చనిపోయినవాళ్ళ మీదుగా అడ్డగీత గీయాలి. "మూడు తరాలు కావాలండీ, అమ్మ వైపూ నాన్న వైపూ. ఎవరికి ఏ వయసులో ఏం జబ్బు వచ్చిందో తెలిసినంత చెప్పండి" అంది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని నేను. ఏ కవి ఆశ్వాసాంత గద్యలో తన తండ్రి పేరు ఎలా చెప్పుకున్నాడో అడిగితే తడుముకోను. మా అమ్మమ్మ దేనితో పోయిందని అడిగితే మాత్రం పెన్ను ఆగిపోయింది.

అమ్మకి నలభై నాలుగో ఏట కుడి రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. పన్నెండేళ్ళ తర్వాత ఎడమవైపు ఇంకొకటి. పాతది తిరగబెట్టడం కాదు, ఇది కొత్తగా పుట్టిందన్నారు. అప్పుడు గానీ ఎవరూ జన్యుపరీక్ష మాట ఎత్తలేదు. అమ్మ రక్తంలో బీఆర్‌సీఏ1 అనే జన్యువులో హానికరమైన మార్పు ఉందని తేలింది. అది నాకు వచ్చి ఉండటానికి సగానికి సగం అవకాశం. పరీక్ష చేయించుకున్నాను. వచ్చింది.

నాకు జబ్బు లేదు. వచ్చే అవకాశం మాత్రం చాలా ఎక్కువ. రోగికీ ఆరోగ్యవంతురాలికీ నడుమ ఉన్న ఈ స్థితికి మన భాషలో పేరు లేదు. పేరు లేని ఈ చోట నిలబడి చూస్తే ఆ తెల్లకాగితమే నాకొక చరిత్ర సమస్యగా కనిపించింది. ఎవరికి ఎప్పుడు ఏ పరీక్ష చెయ్యాలో తేల్చేది ముందుగా కుటుంబ చరిత్ర. ఆ చరిత్రలో ఆడవాళ్ళ పేజీలు ఖాళీగా ఉంటే ఎంత గొప్ప యంత్రమైనా ఏం చేస్తుంది?

అమ్మ పుట్టిల్లు కొడకండ్ల. ఇప్పుడు జనగామ జిల్లా, 2016 దాకా వరంగల్ జిల్లా. పద్మశాలీల మగ్గాలున్న ఊరు. మగ్గం కూడు పెట్టక భివండికీ షోలాపూర్‌కీ సూరత్‌కీ వలసపోయిన ఊరు కూడా. ఆ చుట్టుపక్కల ఏ దిక్కు చూసినా చరిత్రే - బమ్మెర, పాలకుర్తి, విస్నూరు, కడవెండి. దొడ్డి కొమురయ్య కడవెండిలో నేలకొరిగింది 1946 జూలై 4న. చాకలి అయిలమ్మ తన పంట కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించింది పాలకుర్తిలో. ఆ పోరాటంలోని ఆడవాళ్ళ మాటలు విని రాయాలని స్త్రీశక్తి సంఘటన పూనుకుంటే 'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. ఆడవాళ్ళని "ఏం జరిగింది" అని అడిగితే చాలదు, ఎట్లా అడగాలో కూడా నేర్చుకోవాలని నాకు తెలిపిన పుస్తకం అది. అయినా మా ఇంటి ఆడవాళ్ళని నేను ఎప్పుడూ ఏమీ అడగలేదు. కాగితం పట్టుకుని కొడకండ్ల వెళ్ళింది ముప్ఫై ఆరో ఏట, అదీ నా ప్రాణం మీదికి వచ్చాక.

అమ్మమ్మ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ, ఇంకా ఉంది. అరుగు మీద కూర్చుని అడిగాను.

"మీ అమ్మమ్మకు ఏ రోగం లేకుండె బిడ్డా. కడుపుల నీళ్ళు వడ్డయి. మూణ్ణెల్లల్ల పోయింది."

"అప్పుడామెకు ఎన్నేండ్లుంటయి?"

"ఏమో, గవన్ని ఎవలు లెక్కవెట్టిన్రు? మీ అమ్మ ఇంక పెద్దమనిషి కాలె."

ఆడవాళ్ళ కాలమానం ఇదే. మా అమ్మ పెద్దమనిషి అయిన ఏడు పట్టుకుని వెనక్కి లెక్కవేస్తే అమ్మమ్మకి నలభై దాటి ఉండవు. పెద్దమ్మ సంగతి అడిగాను. పెళ్ళై భివండి వెళ్ళింది, అక్కడే పోయింది అని మాత్రమే మాకు తెలుసు.

"దానికి చన్ను మీద గడ్డ లేసింది. ఎవ్వలకు చెప్పలె. కొంగు తడిసి వాసనొచ్చినంక మొగనికి తెలిసింది."

"ఎందుకు చెప్పలె?"

"చెప్పుకునే తావా అది?"

పూర్వం తెలుగులో క్యాన్సర్‌ని రాచపుండు అనేవారు. అంత పెద్ద పేరున్న జబ్బు కూడా మా ఇళ్ళలోకి వచ్చేసరికి "కడుపుల నీళ్ళు", "గడ్డ" అయి, ఆఖరికి "పోయింది" అన్న ఒక్క మాటగా మిగిలింది. కడుపులో నీరు చేరడానికి కారణాలు చాలా ఉంటాయి. అండాశయ క్యాన్సర్ కూడా తరచు అలాగే బయటపడుతుంది. బీఆర్‌సీఏ1లో మార్పు ఉంటే రొమ్ముకీ అండాశయాలకీ రెంటికీ ప్రమాదమే. ఒక తరంలో కడుపులో నీళ్ళు, మరో తరంలో చన్ను మీద గడ్డ - ఇవి ఒకే పోగు కావచ్చు. రుజువు చేసే కాగితం ముక్క ఏదీ లేదు. కౌన్సెలర్ అమ్మమ్మ గుండ్రంలో ప్రశ్నార్థకం పెట్టింది, పెద్దమ్మ గుండ్రాన్ని నల్లగా నింపింది.

చతురస్రాల సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఈ జన్యుమార్పు తండ్రి నుంచీ వస్తుంది. మగవాళ్ళకి దానివల్ల రొమ్ము క్యాన్సర్ రావడం అరుదు కాబట్టి ఏ జబ్బూ లేకుండా మోసి కూతుళ్ళకి అందించగలరు. "రొమ్ము జబ్బు అమ్మ వైపు నుంచే వస్తుంది" అనుకుంటాం గానీ మేనత్తలకీ బాపమ్మకీ ఏమైందో కూడా అంతే ముఖ్యం. మా ఇంట్లో మేనరికాలు ఎక్కువ. దగ్గర బంధువుల పెళ్ళికి ఆ కాగితం మీద జంటగీత గీస్తారు. మా కాగితం మీద జంటగీతలు పడి రెండు వైపులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

* * *

కుటుంబాల్లో ఈ జబ్బు దారిని వెతికిన చరిత్ర పాతదే. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1866లో కణుతుల మీద రాసిన గ్రంథంలో ఒక కుటుంబం గురించి చెప్పాడు. 1788 నుంచి 1856 దాకా నాలుగు తరాల స్త్రీలు రొమ్ము క్యాన్సర్‌తో ఎలా పోయారో వరసగా రాశాడు. మూలపుటమ్మకి 'మదామ్ జెడ్' అని మారుపేరు పెట్టాడు. అది తన భార్య కుటుంబమేనని తర్వాతి చరిత్రకారుల అభిప్రాయం. అంటే వైద్యశాస్త్రంలోకి ఎక్కిన ఈ తొలి వంశవృక్షాల్లో ఒకటి కూడా పరువు కోసం పేరు దాచుకునే ఎక్కింది.

1895లో అమెరికాలో దర్జీ పని చేసే ఒకామె ఆల్‌డ్రెడ్ వార్తిన్ అనే డాక్టరుతో, మా వాళ్ళంతా క్యాన్సర్‌తోనే పోయారు, నేనూ అలాగే పోతాను అంది. ఆయన విన్నాడు, ఆ కుటుంబాన్ని ఏళ్ళ తరబడి నమోదు చేశాడు. ఆమె చెప్పినట్టే గర్భాశయ క్యాన్సర్‌తో పోయింది. వాళ్ళది వేరే జన్యువు, వేరే క్యాన్సర్లు. కానీ ఆ విజ్ఞానం మొదలైంది ఒక కుట్టుపని మనిషి జ్ఞాపకంతో. మేరీ క్లేర్ కింగ్ 1990లో 17వ క్రోమోజోమ్ మీద బీఆర్‌సీఏ1 జాడ పట్టుకున్నదీ ఇలాంటి జ్ఞాపకాల ఆసరాతోనే. 23 కుటుంబాలు, 146 మంది రోగులు. చిన్న వయసులో జబ్బు వచ్చిన కుటుంబాలను విడిగా చూడటంతో దారి దొరికింది.

జన్యువు ఫలానా అని 1994లో తేలింది. తేల్చిన బృందంలోని మిరియడ్ అనే కంపెనీ దాని మీద పేటెంట్ తీసుకుంది. అమెరికాలో పరీక్ష ఆ కంపెనీ దగ్గరే చేయించుకోవాలి, వేల డాలర్ల ఖరీదు. మన ఒంట్లో పుట్టినదానికి యజమాని ఎవరు అని కోర్టుకు వెళ్ళినవాళ్ళలో పరిశోధకులూ రోగులూ ఉన్నారు, బోస్టన్ విమెన్స్ హెల్త్ బుక్ కలెక్టివ్ కూడా ఉంది. సహజంగా ఉన్న డీఎన్ఏకి పేటెంట్ చెల్లదని 2013 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ బోస్టన్ స్త్రీలు మనకు పరాయివాళ్ళు కారు. వాళ్ళ 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' ప్రేరణతోనే స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 'సవాలక్ష సందేహాలు' తెచ్చారు, 1991లో. మన దేహం గురించి మనం మన భాషలో అడగొచ్చని ఎంతోమందికి చెప్పిన పుస్తకం అది. జన్యుపరీక్ష ఇంకా లేని కాలం కాబట్టి అందులో లేని సందేహాలు ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి.

* * *

పరీక్షల చరిత్రలో మొదటిది చెయ్యి. షాంఘైలో 1989 - 91 మధ్య 519 బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది స్త్రీలను ఒక అధ్యయనంలో చేర్చుకున్నారు. సగంమందికి రొమ్ములు తామే పరీక్షించుకోవడం శ్రద్ధగా నేర్పారు. 2002లో వచ్చిన ఫలితం నిరాశ కలిగించింది. హానిలేని గడ్డలకి బయాప్సీలు పెరిగాయి గానీ మరణాలు తగ్గలేదు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మురికివాడల్లోని స్త్రీలను రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షించారు. పరీక్ష అందని సగంమందితో కలిపి 1,51,538 మందిని గమనించారు. 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం గడ్డలు ముందు దశలో పట్టుబడ్డాయి, 50 దాటిన వాళ్ళలో మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్ళలో ఆ మేలు కనిపించలేదు. బట్టల మిల్లులూ మురికివాడలూ - మా పెద్దమ్మ బతికిన భివండి నాకు గుర్తొచ్చింది.

రెండోది ఎక్స్‌రే. దాని మూలపురుషుడు బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్. 1913లో, తీసేసిన మూడువేల రొమ్ముల ఎక్స్‌రేలను గడ్డలతో పోల్చి చూశాడు. సాహిత్యం, కళలు చదివినవాళ్ళకి ఆయన కూతురు బాగా తెలుసు - చిత్రకారిణి షార్లట్ సాలమన్. ఆమె చిన్నప్పుడే తల్లి ఆత్మహత్య చేసుకుంటే ఫ్లూతో పోయిందని చెప్పారు. 1940లో అమ్మమ్మ కూడా ఆత్మహత్య చేసుకున్నాక గానీ తన కుటుంబంలో ఆడవాళ్ళ మరణాల వరస ఆమెకి తెలియలేదు. ఆ నిజాన్ని వందల బొమ్మల్లో 'జీవితమా? నాటకమా?' అని గీసింది. 1943లో ఆష్‌విట్జ్‌లో నాజీలు ఆమెని చంపేశారు. రొమ్ము లోపల దాగినదాన్ని చూడటం నేర్పిన ఇంట్లోనే తల్లి మరణం గురించిన నిజం కూతురికి దాచారు. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మామోగ్రామ్ యాభైలు దాటిన వాళ్ళకి బాగా పనికొస్తుంది. చిన్నవయసు రొమ్ములో కణజాలం దట్టంగా ఉంటుంది, ఎక్స్‌రేలో అది తెల్లగా పడుతుంది, గడ్డా తెల్లగానే పడుతుంది. జన్యుమార్పు ఉన్నవాళ్ళకి జబ్బు చిన్నవయసులోనే మొదలవ్వచ్చు. అందుకే మూడోది, ఎమ్మారై. టొరంటోలో ఈ జన్యుమార్పులున్న 236 మందిని గమనించిన అధ్యయనం 2004లో వచ్చింది. అందులో బయటపడ్డ 22 క్యాన్సర్లలో ఎమ్మారై 17 పట్టుకుంది, మామోగ్రామ్ 8, డాక్టరు చెయ్యి 2. ఆ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చదవండి.

2007 నుంచి అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ప్రమాదం ఎక్కువున్న స్త్రీలకి ఏటా రెండూ చెయ్యమంటోంది. బీఆర్‌సీఏ జన్యుమార్పు ఉన్నవాళ్ళకి ఇప్పుడు డాక్టర్లు సాధారణంగా చెప్పేదిది: 25 నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి దానితోపాటు మామోగ్రామ్. చాలాచోట్ల ఆరునెలలకొకటి చొప్పున మార్చి మార్చి చేస్తారు. నెలసరి ఇంకా ఆగని వాళ్ళకి ఎమ్మారై ఆ నెల రెండో వారంలో చేస్తే మంచిది, ఉత్త అనుమానాలు తగ్గుతాయి. ఎమ్మారై దొరకనిచోట అల్ట్రాసౌండ్ కొంత ఆసరా. ఈ పరీక్షలు జబ్బుని ఆపవు, త్వరగా పట్టుకుంటాయి, అంతే. బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్ళలో ఎమ్మారైతో మరణాలు బాగా తగ్గాయని 2024లో పదకొండు దేశాల స్త్రీలను గమనించిన అధ్యయనం చెప్పింది. రావడాన్నే తగ్గించాలంటే రొమ్ములు ముందే తీయించుకోవడం ఒక దారి. దానితో ప్రమాదం 90 శాతానికి పైగా తగ్గుతుంది. 2013లో ఏంజలీనా జోలీ రాశాక లోకమంతా మాట్లాడుకున్నది దీని గురించే. అండాశయాలకి నమ్మదగిన స్క్రీనింగ్ లేదు. అందుకని పిల్లలు చాలనుకున్నాక, బీఆర్‌సీఏ1 ఉంటే 35 - 40 మధ్య తీయించుకోమంటారు.

పాశ్చాత్య కుటుంబాల మీద 2017లో వేసిన లెక్క ప్రకారం ఎనభయ్యేళ్ళు వచ్చేసరికి బీఆర్‌సీఏ1 ఉన్న నూరుమందిలో 72 మందికి రొమ్ము క్యాన్సర్, 44 మందికి అండాశయ క్యాన్సర్ రావచ్చు. నేను ప్రస్తుతానికి పరీక్షల దారి ఎంచుకున్నాను. మొదటి ఎమ్మారైలో ఒక నీడ కనిపించింది, బయాప్సీ చేశారు, ఏమీ లేదన్నారు. ఆ పదకొండు రోజులూ నేను ఒక్క వాక్యం చదవలేదు. అండాశయాల నిర్ణయానికి నాకు నాలుగేళ్ళ గడువుంది. ఇది నా ఎంపిక అంటున్నాను గానీ, జీతం, బీమా, హైదరాబాద్‌లో ఇల్లు - ఇవన్నీ కలిస్తేనే ఎంపిక అన్న మాటకి అర్థం వచ్చింది.

* * *

కొడకండ్లలో మా మేనమామ కూతురు ఉంది, నాకు వదిన. ఇంటి మగ్గానికి కండెలు చుడుతుంది. మామకి ఏ జబ్బూ లేదు. కానీ అమ్మమ్మ నుంచి అమ్మకి వచ్చింది మామకీ వచ్చి ఉండొచ్చు, మామ నుంచి వదినకీ. అమ్మలోని మార్పు ఏదో తెలుసు కాబట్టి వదిన వరకు ఆ ఒక్కచోట చూస్తే చాలు, ఖర్చు తక్కువ. మామని పరీక్షిస్తే ఇంకా మేలు, ఆయనలో లేకపోతే అటు నుంచి ఆయన పిల్లలెవరికీ వచ్చేది ఉండదు. ఈ మాట చెబుతుంటే చిన్నమ్మమ్మ అడ్డం వచ్చింది.

"గివన్ని రాసుకుంటున్నవ్ గని ఊర్ల జెప్పకు. ఇంట్ల ఆడివిల్ల పెండ్లికున్నది. ఆ ఇంటి నెత్తురే గట్లాంటిదంటరు."

అప్పటిదాకా నేను ఆ మౌనాన్ని అజ్ఞానమనీ సిగ్గనీ అనుకున్నాను. పితృస్వామ్యం మీద రెండు పేరాలు రాసి పెట్టుకున్నాను కూడా. మా పెద్దమ్మ గడ్డని దాచింది సిగ్గుతోనే కావొచ్చు, ఇంట్లో ఇంకా పెళ్ళి కాని చెల్లెలు ఉందని కూడా కావొచ్చు. ఆ చెల్లెలు మా అమ్మ. మౌనం వాళ్ళని చంపింది, అదే మౌనం మమ్మల్ని పెళ్ళిళ్ళ బజారులో కాపాడింది. ఈ రెండూ నిజమే. "నోరు విప్పండి" అని నినాదమిచ్చేముందు, నోరు విప్పిన ఇంటి ఆడపిల్లకి ఏమవుతుందో మనం జవాబు చెప్పగలిగి ఉండాలి.

వదిన అంతా విని ఒక్కటే అడిగింది. "నీకంటే హైదరాబాదుల మిషినున్నది. నాకేమున్నది?"

ఏమున్నదో వెతికాను. 2016 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 - 65 ఏళ్ళ స్త్రీలందరికీ అయిదేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చెయ్యాలి. 2019 - 21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 - 49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఒక్కరు కూడా లేరు. తెలంగాణలో 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' క్లినిక్‌లు మొదలయ్యాయి, మంగళవారం ఆడవాళ్ళకోసమే. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక చికిత్సకి దారి ఏర్పడింది, కానీ అది జబ్బు తేలినవాళ్ళ కోసం పుట్టిన పథకం. జబ్బు లేని వదినకి ఏటా ఎమ్మారై ఎవరిస్తారు? టొరంటోలో 22కి రెండు పట్టుకున్న చెయ్యే ఆమెకి దక్కేది.

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే ఫారం చూశాను. రొమ్ములో గడ్డ ఉందా అని అడుగుతుంది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నాయా అని అడుగుతుంది. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సరో అండాశయ క్యాన్సరో వచ్చిందా అని అడగదు. అమ్మమ్మ, మేనత్త, పెద్దమ్మ ఆ కాగితంలో కూడా లేరు. ఎమ్మారై యంత్రాలు ప్రతి మండలానికీ రావడం రేపటి పని కాదు. ఒక ప్రశ్న చేర్చడానికి యంత్రం అక్కరలేదు. యాభైలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, రెండు వైపులా వచ్చినవాళ్ళు, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ళు, రొమ్ము క్యాన్సర్ వచ్చిన మగవాళ్ళు - వీళ్ళలో ఒక్కరున్నా ఆ ఇంటిని జన్యుపరీక్షకి పంపాలి. రొమ్ము క్యాన్సర్లలో ఇలా వంశంలో వచ్చేవి నూటికి అయిదు నుంచి పది. అంటే వెతకాల్సింది ఊరంతా కాదు, కొన్ని ఇళ్ళు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకైనా వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఏటా ఎమ్మారై సర్కారు ఖర్చుతో చేయించడం అసాధ్యమేమీ కాదు.

వదిన ఇంకా రక్తం ఇవ్వలేదు. "పిల్ల పెండ్లి గానీ, చూద్దాం" అంది. ఆమెకి నలభై ఒకటి. నేను బతిమాలాను, కోప్పడ్డాను, తర్వాత ఊరుకున్నాను. తెలుసుకునే హక్కుతోపాటు ఎప్పుడు తెలుసుకోవాలో నిర్ణయించుకునే హక్కు కూడా ఆమెదే. పెండ్లి లోపల ఏటా ఒకసారి నాతో హైదరాబాద్ వచ్చి మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ చేయించుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. ఊళ్ళో అడిగితే కంటి డాక్టరుకి అని చెప్పుకుందామంది. సరేనన్నాను. ఈ వ్యాసంలో ఊరు పేరు రాసుకోనిచ్చారు, ఇంటిపేరు వద్దన్నారు. బ్రోకా 'మదామ్ జెడ్' అని ఎందుకు రాశాడో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

ఇది రాస్తుండగా మొన్న చిన్నమ్మమ్మ ఫోన్ చేయించింది. ఊళ్ళో చెప్పకని కట్టడి చేసిన మనిషే.

"బిడ్డా, ఇంకొకామె యాదికొచ్చింది. మా మేనత్త. ఆమె కూడ గట్లనే పోయింది. రాసుకుంటవా?"

కాగితం మీద చోటు లేదు. కింద ఇంకో కాగితం అతికించి గుండ్రం గీశాను. "ఆమె పేరేంది చిన్నమ్మమ్మా?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి చెప్పింది.